ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ డిస్‌ప్లే రావట్లేదా? ముందు ఇంకో ర్యామ్ కొనడం ఆపు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల పవర్ సప్లై, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. గాజువాకలో ఇంట్లోనే వీడియోలు చూసుకుంటూ బిగించావు. బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, రంగు లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నో సిగ్నల్ అంటోంది. బోర్డు మీద సీపీయూ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు ఆరడం లేదు. ఫ్రెండు చెప్పాడని ఇంకో ర్యామ్ కూడా కొన్నావు, అయినా మార్పు లేదు. బోర్డు పోయిందా, ప్రాసెసర్ పోయిందా, మొత్తం షాపుకి మోసుకెళ్లాలా అని అడుగుతున్నావు.

ఏదీ పోయి ఉండకపోవచ్చు, టెన్షన్ పడకు. విశాఖ ద్వారకానగర్‌లో ఈ రిపేర్ల మధ్య పదిహేడేళ్లుగా కూర్చుంటున్నాను, కొత్త పార్టులతో ఇంట్లో బిగించుకుని మొదటిసారి ఆన్ కాలేదని తెచ్చినవాటిలో నిజంగా పార్టు చచ్చిపోయినవి చాలా తక్కువ చూశాను. ఎక్కువ శాతం వైరు సరిగ్గా దిగకపోవడం, లేదా ఈ బోర్డుకి ఆ ప్రాసెసర్ ఎవరో తెలియకపోవడం. నీది రెండోదని నా అనుమానం, ఎందుకో కిందకి వచ్చాక చెప్తాను. కానీ అనుమానం ఉందని నేరుగా అక్కడికి దూకితే మళ్లీ నీ ర్యామ్ కథే అవుతుంది, అందుకే వరసగా వద్దాం.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. ఫ్యాన్ తిరిగితే మెషిన్ నడుస్తున్నట్టు కాదు. ఫ్యాన్‌కి కావలసింది 12 వోల్టులు, అంతే. నువ్వు బటన్ నొక్కగానే బోర్డు పవర్ సప్లైకి ఆన్ అవ్వమని సైగ చేస్తుంది, అది 12 వోల్టులు వదులుతుంది, ఫ్యాన్లూ లైట్లూ మొదలవుతాయి. ఇందులో ప్రాసెసర్ ఒక్క లెక్క కూడా చెయ్యక్కర్లేదు. అయినా ఈ ఫ్యాన్ల వల్ల నీకు తెలిసింది తక్కువేం కాదు. గోడ ప్లగ్గు బాగుంది, పవర్ సప్లై కనీసం లేస్తోంది, క్యాబినెట్ బటన్ వైరు సరైన పిన్నులకే పెట్టావు. ఫ్యాన్ కూడా తిరక్కపోతే ఆ మూడింటి దగ్గరే వెతికేవాళ్లం: పవర్ సప్లై వెనక స్విచ్ ఆన్‌లో ఉందా, 24 పిన్ కనెక్టర్ పూర్తిగా దిగిందా, ఫ్రంట్ ప్యానెల్ వైర్లు ఎక్కడ గుచ్చాం అని. ఆ పవర్ బటన్ వైర్ పక్కకి తీసి, ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకించి ఆన్ చేసి చూస్తే బటన్ తప్పో కాదో తేలిపోతుంది. నీకు ఆ అవసరం లేదు.

ఇప్పుడు ఆ ఎర్ర లైటు. నీ బోర్డు మీద నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: సీపీయూ అంటే ప్రాసెసర్, డీర్యామ్ అంటే ర్యామ్, వీజీఏ అంటే గ్రాఫిక్స్ కార్డు, బూట్ అంటే విండోస్ ఉండే డ్రైవ్. ఆన్ చేసినప్పుడు బోర్డు వరసగా ఒక్కొక్కదాన్ని పలకరిస్తుంది, పలికినదాని లైటు ఆరిపోయి తర్వాతదానికి వెళ్తుంది. ఎక్కడ లైటు ఆరకుండా ఉండిపోయిందో అక్కడ పని ఆగిందని అర్థం. నీది సీపీయూ దగ్గరే ఆగింది, అంటే చాలావరకు అది ర్యామ్ దాకా రానేలేదు. అందుకే కొత్త ర్యామ్ పెట్టినా ఏమీ మారలేదు. వాపసు తీసుకుంటారేమో బిల్లు పట్టుకెళ్లి అడుగు. ఈ లైట్లు లేని చవక బోర్డులైతే చిన్న స్పీకర్ ఒకటి దొరుకుతుంది, నాలుగు పిన్నుల మీద గుచ్చితే ఎన్ని కూతలు కూసిందో లెక్కపెట్టి మాన్యువల్లో చూసుకోవచ్చు. ఆ కూతల లెక్క ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి గూగుల్‌లో దొరికిన లిస్టు కాదు, నీ బోర్డు మాన్యువలే చూడాలి.

సీపీయూ లైటు ఆగితే మొదట చూడాల్సింది బోర్డు పైన ఎడమ మూలన, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్ కనెక్టర్. ప్రాసెసర్‌కి కరెంటు వచ్చేది అక్కడి నుంచి, పెద్ద 24 పిన్ నుంచి కాదు. క్యాబినెట్‌లో బోర్డు బిగించాక ఆ మూలకి చెయ్యి దూరదు, అందుకే సగం దిగి ఆగిపోతుంది, లేదంటే 4+4గా విడిపోయే వైరులో ఒక ముక్కే పెట్టి రెండోది వెనక వేలాడదీస్తారు. బయటికి తీసి, మళ్లీ పెట్టి, క్లిప్పు టక్కుమనే దాకా నొక్కు. ఫ్లాష్‌లైట్ వేసి చూడు, ప్లాస్టిక్ అంచుకీ సాకెట్‌కీ మధ్య సందు ఉండకూడదు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు వైరు కూడా 8 పిన్నే, చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ప్రాసెసర్ వైరు మధ్యలోకి నాలుగు, నాలుగుగా విడిపోతుంది. కార్డు వైరు ఆరు, రెండుగా విడిపోతుంది. రెండింటిలో ప్లస్, మైనస్ తిరగబడి ఉంటాయి. పిన్నుల ఆకారం వేరు కాబట్టి మామూలుగా ఒకదాంట్లో ఒకటి దూరదు, కానీ కోపం వచ్చినవాడు గట్టిగా నొక్కితే దూరుతుంది. దూరకపోతే అది తప్పు వైరు, బలం వాడొద్దు.

వైర్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ పవర్ సప్లై అయితే, దాంతో వచ్చిన వైర్లే వాడు. నా అనుభవం చెప్తాను, సిగ్గుగానే ఉంటుంది. చాలా ఏళ్ల కిందట ఒక కస్టమర్ మెషిన్‌లో ఎస్‌ఎస్‌డీకి సాటా పవర్ వైరు చాలకపోతే, షెల్ఫ్‌లో వేరే పవర్ సప్లై తాలూకు వైరు కనిపించింది, చక్కగా దూరింది, ఆన్ చేశాను. చిన్న వాసన వచ్చింది. ఎస్‌ఎస్‌డీ అక్కడికక్కడే పోయింది, అందులో ఆ మనిషి అమ్మాయి పెళ్లి ఫొటోలున్నాయి. పవర్ సప్లై వైపు ఉండే సాకెట్‌లో ఏ పిన్ను ఏ వోల్టేజీ అనేదానికి అన్ని కంపెనీలకీ ఒకే రూలు లేదు, ఒక్కోసారి ఒకే కంపెనీ రెండు మోడళ్లకి కూడా తేడా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ నా డబ్బుతో కొనిచ్చాను, ఫొటోలు కొనివ్వలేకపోయాను. ఆయన తర్వాత కూడా మా దగ్గరికే వచ్చాడు, అది ఆయన మంచితనం.

8 పిన్ గట్టిగా ఉండి, కింద చెప్పబోయే బయోస్ (బోర్డుని నిద్రలేపే, దాని చిప్పులో ఉండే ప్రోగ్రాం) వెర్షన్ కూడా సరిపోయి, అయినా లైటు ఆరలేదనుకో. అప్పుడు మెషిన్‌ని బట్టలిప్పి నిలబెట్టాలి. గోడ నుంచి ప్లగ్గు తీసెయ్, బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచు, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, రెండో ర్యామ్, యూఎస్‌బీ వైర్లు, క్యాబినెట్ ముందు వైర్లు అన్నీ తీసెయ్. బోర్డుని క్యాబినెట్‌లోంచి బయటికి తెచ్చి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టు. ఆ వెండిరంగు కవర్ మీద మాత్రం పెట్టకు, స్టాటిక్ రాకుండా చేసిన ఆ కవర్‌కి బయటివైపు కరెంటు పారే గుణం ఉంటుంది. బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, పవర్ సప్లై, ఇంకేం వద్దు. ప్లగ్గు మళ్లీ పెట్టి, పైన చెప్పినట్టు పవర్ బటన్ పిన్నులు రెండిటినీ స్క్రూడ్రైవర్ కొసతో తాకించి ఆన్ చెయ్యి. సీపీయూ లైటు ఆరి, డీర్యామ్ లైటు కూడా వెలిగి ఆరి, వీజీఏ దగ్గర ఆగితే పండగ చేసుకో. నీ 5600లో లోపల గ్రాఫిక్స్ లేవు, కార్డు తీసేశాం కాబట్టి అక్కడ ఆగాల్సిందే. ప్రాసెసర్, ర్యామ్ బాగున్నట్టే లెక్క.

బయట బాగుండి క్యాబినెట్‌లో పెడితే మళ్లీ ఆగితే, దొంగ దొరికినట్టే. బోర్డు కింద బిగించే ఇత్తడి స్టాండాఫ్‌లు లెక్కపెట్టు. పెద్ద ఏటీఎక్స్ సైజుకి ముందే బిగించి వచ్చిన క్యాబినెట్‌లో చిన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెడితే, బోర్డుకి రంధ్రం లేనిచోట ఒక స్టాండాఫ్ మిగిలిపోయి వెనక సోల్డర్‌కి తగులుతుంది. షార్ట్. మద్దిలపాలెం నుంచి వచ్చిన ఒక కుర్రాడిది సరిగ్గా ఇదే, రెండు బోర్డులు వాపసు ఇచ్చి మూడో బోర్డుతో మా దగ్గరికి వచ్చాడు. ఒక్క ఇత్తడి మేకు విప్పి చేతిలో పెడితే నమ్మలేదు.

కూలర్ తీసి ప్రాసెసర్ చూడాలనిపిస్తుంది నీకు. ఆగు, ఒక జాగ్రత్త ఉంది. నీది ఏఎం4 సాకెట్, దీంట్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. థర్మల్ పేస్టు అతుక్కుపోయాక కూలర్‌ని నిటారుగా లాగితే, లాక్ వేసి ఉన్నా సరే ప్రాసెసర్ దానితోపాటే పైకి వచ్చేస్తుంది, కింద పడితే పిన్నులు వంగుతాయి. మెల్లగా గాజులు తొడిగినట్టు అటూ ఇటూ తిప్పుతూ ఊడదియ్యి. వంగిన పిన్ను కనిపిస్తే పాత ఏటీఎం కార్డు అంచో, లెడ్ తీసేసిన పెన్ పెన్సిల్ మొనో వాడి ఓపిగ్గా నిలబెట్టొచ్చు. విరిగితే మాత్రం నేను చెప్పగలిగేదేం లేదు. పనిలో పనిగా కూలర్ అడుగున ప్లాస్టిక్ కాగితం తీశావో లేదో చూడు. నవ్వకు, నెలకి ఒకటైనా వస్తుంది. దానివల్ల బూట్ ఆగదుగానీ తర్వాత వేడెక్కి ఆఫ్ అయిపోతుంది.

సరే, ఇప్పుడు నా అసలు అనుమానం. బి450 బోర్డులు 2018లో వచ్చాయి. రైజెన్ 5000 ప్రాసెసర్లు 2020 నవంబరులో మొదలయ్యాయి, నీ 5600 అయితే 2022 ఏప్రిల్‌లో వచ్చింది. బోర్డు పాతదైతే, తయారైన రోజున దాని బయోస్‌కి తెలిసిన ప్రాసెసర్ల జాబితాలో నీ 5600 ఉండదు. సాకెట్ అదే, పిన్నులు అవే, చక్కగా కూర్చుంటుంది, కానీ బోర్డు దానితో మాట్లాడలేదు. ఫ్యాన్లు తిరుగుతాయి, సీపీయూ లైటు అలాగే ఉంటుంది. నువ్వు రాసిన లక్షణాలు అచ్చం ఇవే. పైగా బోర్డు పాత స్టాకు, తగ్గింపులో ఇచ్చారన్నావు. షాపువాడు మోసం చేశాడని నేననను, అమ్మేవాడికి పెట్టె లోపలి బయోస్ ఏ వెర్షనో తెలియకపోవచ్చు, కానీ ప్రాసెసర్ కూడా అక్కడే కొన్నావు కాబట్టి రెండూ కలిపి ఒకసారి ఆన్ చేసి చూపించమని అడగాల్సింది.

ఎలా తేల్చుకోవాలంటే, బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో నీ మోడల్ పేజీకి వెళ్లు. పేరు చివర రెవిజన్ నంబరు ఉంటే అది కూడా సరిపోవాలి. అక్కడ ప్రాసెసర్ సపోర్ట్ లిస్టులో 5600 వరసలో ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. నీ బోర్డులో ఏది ఉందో పెట్టె మీద స్టిక్కర్‌లోనో, బోర్డు మీద చిప్పుకి అంటించిన చిన్న కాగితం మీదో చాలాసార్లు కనిపిస్తుంది. ఆ నంబరు లిస్టులో ఉన్నదానికంటే పాతదైతే కేసు క్లోజ్. బి550 కొన్నవాళ్లు కూడా ధీమాగా ఉండకండి, అవి 2020 జూన్‌లో వచ్చాయి, 5000 కంటే ముందే, తొలి స్టాకుకి ఇదే గొడవ.

అప్‌డేట్ చెయ్యడానికి రెండు దార్లు. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ లాంటి బటన్ ఉంటే అదృష్టం, పనిచేసే ప్రాసెసర్ కూడా అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైట్ నుంచి ఫైలు దించి, మాన్యువల్లో చెప్పిన పేరు పెట్టి, చెప్పిన యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి బటన్ నొక్కాలి. లైటు మిణుకుమిణుకుమంటూ కొన్ని నిమిషాలు నడుస్తుంది, అదే ఆగేదాకా ముట్టుకోవద్దు. చవక బి450 బోర్డుల్లో చాలావాటికి ఆ బటన్ ఉండదు. అప్పుడు బోర్డుకి తెలిసిన పాత రైజెన్ ఒకటి పెట్టి ఆన్ చేసి, అప్‌డేట్ చేసి, మళ్లీ నీది పెట్టాలి. దీనికోసం పాత ప్రాసెసర్ కొనకు. రిపేర్ చేసేవాళ్ల దగ్గర ఒకటి పడి ఉంటుంది. క్యాబినెట్ మొత్తం ఆటోలో ఎన్‌ఏడీ జంక్షన్ దాటించి తేవొద్దు, బోర్డు ఒక్కటి పెట్టెలో పెట్టుకుని, ప్రాసెసర్ దాని మీదే ఉంచి వెళ్లు. పని చేసేముందే ఎంత తీసుకుంటారో అడుగు, అలాగే నీ కళ్లముందే చెయ్యమను, అరగంట పని.

ఇంట్లో చేస్తే మాత్రం యూపీఎస్ మీద చెయ్యి. ఈదురుగాలి వేసిన సాయంత్రం కరెంటు ఎలా ఆడుతుందో నీకు తెలుసు, బయోస్ రాస్తుండగా పోతే అప్పుడు నిజంగానే బోర్డు పోయిందనుకోవాలి. హుద్‌హుద్ తుఫాను తర్వాత, అంటే 2014 అక్టోబరు తర్వాత, కరెంటు వచ్చీపోయీ చేసిన వారాల్లో మా బల్ల మీదికి వచ్చిన బోర్డులు ఇప్పటికీ గుర్తున్నాయి.

సీపీయూ గండం గడిచాక మిగతావి తేలికే. నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ ఒక్కటే పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టు, రెండూ పెడితే రెండు, నాలుగు. ర్యామ్‌కి ఒకవైపు మాత్రమే క్లిప్పు ఉండే బోర్డుల్లో రెండోవైపు సగమే దిగి అందరినీ మోసం చేస్తుంది, రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కాలి. కొత్తవాళ్లు బోర్డు విరుగుతుందని భయపడి ఆపేస్తారు. డీర్యామ్ దగ్గర ఆగితే ఒక్కో స్టిక్కు మార్చి చూసి, అప్పటికీ కాకపోతే సీమాస్ క్లియర్ చెయ్యి, అంటే బయోస్ సెట్టింగులు చెరిపెయ్యి: ప్లగ్గు తీసి, ఆ నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ ఐదు పది నిమిషాలు బయటపెట్టి మళ్లీ పెట్టు. సెకండ్‌హ్యాండ్ ర్యామ్ అయితే బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది తుడువు. బీచ్ దగ్గర ఇళ్లలో కిటికీ ఊచలకి పట్టినట్టే కంప్యూటర్ లోపలా ఉప్పుగాలి పట్టుకుంటుంది, లాసన్స్ బే వైపు నుంచి వచ్చే మెషిన్ల స్క్రూలు చూసి నేను అడ్రస్ చెప్పగలను.

డిస్‌ప్లే వచ్చాక ర్యామ్ స్పీడు 3200 బదులు 2133 అనో 2400 అనో చూపిస్తే షాపుకి పరిగెత్తకు, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగు, ఆన్ చెయ్యలేదంతే. కానీ ఆ పని మొదటి రోజు వద్దు.

మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకి పెట్టు, బోర్డుకి కాదు. నీ ప్రాసెసర్‌తో బోర్డు హెచ్‌డీఎంఐ పోర్టులో ఏమీ రాదు. ఇంటెల్ వాళ్లకీ అంతే, 12400ఎఫ్ లాగా చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. నీకంటే కొత్త తరం ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ బిగించినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లస్క్రీనే ఉంటుంది, కంగారుపడి ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. టీ పెట్టుకుని రండి.

చివరికి బూట్ లైటు వెలిగితే అది జబ్బు కాదు. ఎస్‌ఎస్‌డీ ఖాళీ, విండోస్ ఇంకా వెయ్యలేదు, ఎక్కడి నుంచి లేవాలని అడుగుతోంది. పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసుకో.

ఇంకొకటి, నువ్వు మధ్యలో ఒక మాట రాసి వదిలేశావు: క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోందని. దానికీ బూట్ కాకపోవడానికీ సంబంధం లేదు, కానీ వదిలెయ్యకు. మీ సాకెట్‌లో ఎర్త్ లేదు. పవర్ సప్లై లోపల లైన్ నుంచీ న్యూట్రల్ నుంచీ క్యాబినెట్‌కి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ ఉంటే అవి వదిలే చిన్న లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ 230 వోల్టుల్లో దాదాపు సగం మీద వేలాడుతూ ఉంటుంది. కరెంటు తక్కువే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించు, మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను తీసేసి రెండు పిన్నుల్లో గుచ్చే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించు. అప్పటిదాకా లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు పూర్తిగా తీసే పెట్టు.

ముందు 8 పిన్ చూడు, తర్వాత సైట్‌లో బయోస్ వెర్షన్ చూడు, ఈ రెండూ అయ్యేదాకా ఇంకేం విప్పకు. బోర్డు పూర్తి మోడల్ పేరు, పెట్టె మీద స్టిక్కర్ ఫొటో, ఆ ఎడమ మూల దగ్గరగా ఒక ఫొటో పెట్టు. రాత్రి తొమ్మిది తర్వాత చూసి చెప్తాను.